రంగు చెప్పే పెట్టె

"ఇదొస్తే పిల్లలు నోరు తెరిచి రంగు చెప్పడం మానేస్తారు," అన్నాడు రంగుల మాస్టారు, బల్ల మీది మీటరును వేలితో అవతలికి నెడుతూ.

ప్రింటింగ్ కాలేజీ స్టాఫ్ రూములో అందరూ ఆయన వైపే చూశారు. అచ్చైన కాగితం మీద పెడితే రంగును అంకెల్లో చూపించే చిన్న పెట్టె అది. కొత్త లెక్చరరమ్మ ఎవరినో బతిమాలి తెప్పించింది. మాస్టారు సరేనంటేనే ఉంచుకుందాం, లేదంటే రేపే వెనక్కి పంపేద్దామని ప్రిన్సిపాల్ ముందే తేల్చేశాడు.

లెక్చరరమ్మ ఆయన శిష్యురాలే. క్లాసులో ఆయన ఏనాడూ రంగు పేరు తాను చెప్పేవాడు కాదు. కాగితం ఎత్తి పట్టుకుని, "చెప్పండర్రా, ఇదేమిటి?" అనేవాడు. ఒకరు చెబితే చాలదు, పక్కవాణ్ణీ అడిగేవాడు. ఇంకు డబ్బా మీది చీటీ ఊడిందా, ఆ రోజు అందరికీ తిట్లే. అంత శ్రద్ధగల మనిషి కొత్త వస్తువుకు ఇలా అడ్డం పడుతుంటే ఆమెకు ఒళ్లు మండింది.

"అచ్చు వేసేది ఒక ఊళ్లో, వేయించుకునేవాళ్లు ఇంకో ఊళ్లో మాస్టారూ. ఫోన్లో అంకెలు పంపొచ్చుగానీ మీ కన్ను పంపలేం కదా?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"నా కన్ను నాకు చాలు."

"అంత నమ్మకమా?" ఆమె నోరు జారింది. బల్ల మీంచి రెండు అచ్చు ముక్కలు తీసింది. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. ఆయన గొంతునే అనుకరిస్తూ ముఖం ముందు ఆడించింది. "చెప్పండి మాస్టారూ, ఇవేమిటి?"

గది గొల్లుమంది. పసిపిల్లల్ని అడిగే ప్రశ్న మరి.

ఆయన నవ్వలేదు. ముక్కలు అందుకుని కిటికీ వైపు తిప్పాడు. చెవులు కందిపోయాయి. "నాకే పరీక్షా?" అని గొణిగి, వాటిని గుప్పిట్లో బిగించి బయటికి నడిచాడు.

"బాగా పెట్టావమ్మా గడ్డి!" అన్నాడు ఫోటోగ్రఫీ సారు.

ఆ మెచ్చుకోలు ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. తన చేత మొదటి పోస్టరు వేయించిన మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేసింది. తల దించుకుని, మీటరు పట్టుకుని ఇంకుల గదికి వెళ్లింది.

ఆయన డబ్బాల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"తప్పయిపోయింది మాస్టారూ. సిగ్గుతో చచ్చిపోతున్నాను. దీన్ని పంపించేస్తాను."

"సిగ్గు నీకెందుకు?" అన్నాడు తలెత్తకుండా. "ఆ తలుపు వెయ్యి."

వేసింది.

"ఈ పెట్టె అబద్ధం చెప్పదు కదా?"

"చెప్పదు. అంకెలు చూపిస్తుంది, అంతే."

"అంకెలైతే పర్లేదు. ఉంచెయ్యి. ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతాను."

అలక తీరిందనుకుంది. ఆమె కళ్లు చెమర్చాయి. ఆయన గుప్పిట విప్పాడు. చెమటకు నలిగిన ఆ రెండు ముక్కల్నీ ఆమె ముందు పరిచి, గొంతు తగ్గించాడు.

"ఇందులో ఎర్రది ఏదమ్మా?"