ఎడమవైపు మచ్చ

రొమ్ము క్యాన్సర్‌ను గెలిచినవాళ్లకు ర్యాంప్ మీద నడిచాకే ఆ ఏటి స్కాన్. సన్మానం చేయకుండా పంపితే ఆస్పత్రికి జరిమానా పడుతుంది.

జాకెట్లు కుట్టుకునే సుభాషిణికి కుడి చంక కింద గట్టిగా ఏదో తగిలింది. భయంతో ఆస్పత్రికి పరుగెత్తింది. అక్కడి డిజైనర్ కౌస్తుభ్ ఆమెకు గులాబీ రంగు జాకెట్టు ఇచ్చాడు. ఎడమవైపు బంగారు జరీతో పొడవాటి మచ్చ కుట్టి ఉంది.

"నాకు ఆపరేషన్ అయింది కుడివైపు బాబూ."

"కెమెరాలు ఎడమవైపే ఉన్నాయి ఆంటీ. మచ్చ కనపడకపోతే జనం ఎందుకు ఏడుస్తారు?"

ఆమె నడిచింది. జనం ఏడ్చారు, పూలు చల్లారు. ర్యాంప్ చివర స్కానర్ ఆ జరీ మచ్చను చూసి, ఎడమవైపు మాత్రమే పరీక్షించి, "అంతా బాగుంది. వచ్చే ఏడు రండి, వీరనారీ" అంది.

"కుడివైపు చూడవే, నీ మొహం మండ!"

స్కానర్ రికార్డు చేసిన చప్పట్లు వినిపించింది.

సుభాషిణి మేకప్ గదిలో కూర్చుని, సంచిలోని కత్తెరతో మచ్చను ఊడదీసి, కుడివైపు కుట్టేసింది. మళ్లీ వరసలో నిలబడి నడిచింది.

"రెండు వైపులా పోరాడిన తల్లి!" అని యాంకర్ అరిచింది. జనం లేచి నిలబడ్డారు.

స్కానర్ ఈసారి కుడివైపు చూసింది. "మామూలు కొవ్వు గడ్డ. భయం లేదు."

సుభాషిణి అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

కౌస్తుభ్ పరుగున వచ్చాడు. "సూపర్ ఆంటీ! కెమెరాలో పడలేదు, కాస్త ఎడమవైపు తిరిగి ఇంకోసారి ఏడవండి."