లంకలో పోలింగ్ బూత్

"పడవ ఉండగా మీ లంకలో వేరే బూత్ దేనికయ్యా?" అర్జీ మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగాడు డిప్యూటీ తహసీల్దారు విల్సన్.

"నేననేదీ అదేనండీ!" అందుకున్నాడు సర్పంచి అప్పారావు. "ముందునుంచీ అందరూ మా ఊరి బడిలోనే ఓటేస్తున్నారు. ఇప్పుడు బూత్‌ని రెండు ముక్కలు చేస్తే మా ఊరి పరువేం కాను?"

అర్జీ తెచ్చిన పోతయ్య గెడ పట్టుకుని నిలబడే ఉన్నాడు. పాయ దాటించే పడవ అతనిదే.

"ఒక్కసారి మా లంక చూసి, ఆనక వద్దనండి బాబూ."

విల్సన్‌కి వింతగా తోచింది. "అక్కడ బూత్ పెడితే ఓట్ల రోజున నీ పడవ ఎక్కేదెవరు?"

పోతయ్య నవ్వి, ఆయన్ని పడవ ఎక్కించుకున్నాడు.

అసలే ఆటు వేళ. పాయ మధ్యలో పడవ బురదలో దిగబడింది. ఎంత గెడ వేసినా కదల్లేదు.

"పోటొచ్చేదాకా ఇంతేనా?"

"ఇంతేనండీ. లేదంటే దిగి నడవాలి."

విల్సన్ చెప్పులు చేతపట్టుకుని, ప్యాంటు పైకి మడిచి దిగాడు. మోకాళ్లు దాటి కూరుకుపోయాడు.

"ముసలివాళ్లూ, నిండుచూలాళ్లూ ఇలాగే వస్తారా?"

"ఆటైతే ఇలాగేనండీ. గట్టెక్కాక బడిదాకా మైలు నడక."

లంకలో తుఫాను షెల్టర్ గట్టిగానే ఉంది. లోపలికొక గుమ్మం, బయటికొక గుమ్మం. విల్సన్ బురద కాళ్లతోనే మెట్టు మీద కూర్చుని రాశాడు: 'ఇక్కడ పోలింగ్ కేంద్రం తప్పనిసరి.'

సంతకం పెట్టాక మనసు తేలికపడింది. పోయిన ఎన్నికల లెక్కల కాగితం తిరగేసి నవ్వాడు.

"అయినా మీవాళ్లని మెచ్చుకోవాలయ్యా! ఇంత బురద తొక్కి రెండొందల పన్నెండు మందిలో రెండొందల పదకొండు మంది ఓటేశారు. అంతకుముందుసారీ ఒక్కటే తగ్గింది. ఎవడయ్యా ఆ బద్ధకస్తుడు? ఇంటిముందుకే బూత్ తెచ్చాం, ఈసారన్నా లేపి పంపించు."

పోతయ్య తల గోక్కున్నాడు.

"ఆ బద్ధకస్తుణ్ణి నేనేనండీ. వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ దాటించి పడవ కట్టేసేసరికి, బడి గేటు మూసేస్తున్నారు."