ఐదో ప్రశ్న

"ఎక్కు తిప్పీ. ఇంకోతూరి."

ధర్మవరం స్టేషన్ వంతెన మెట్లు. పొద్దున ఆరు గంటలు. రంగప్ప ముందు, భార్య తిప్పమ్మ వెనక. ఎక్కడం, దిగడం. పది నిమిషాలు.

హిందూపురం డాక్టరు చెప్పిన పని అది. బెంగళూరులో పుట్టి పెరిగిన కుర్రవాడు. "తాతా, గుండె దడదడలాడేదాకా అవ్వను నడిపించండి. ఆ వెంటనే చెప్పిన మాట కొంచెం ఎక్కువ రోజులు గుర్తుండవచ్చు" అన్నాడు. ఐదు ప్రశ్నలు చెప్పాడు. వచ్చినప్పుడల్లా అవే అడుగుతానన్నాడు.

రంగప్ప నేతగాడు. చదువు లేదు. ఐదూ నోటికి నేర్చుకున్నాడు.

మెట్లు దిగి సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. తిప్పమ్మ ఇంకా రొప్పుతూనే ఉంది.

"నీ పుట్టినూరు యాది?"

"పెనుకొండ."

"పిల్లోల్లు ఎంతమంది?"

"ఇద్దరు."

"ఈ పొద్దు ఏ వారము?"

"శుక్రారము."

"ఇంట్లో నువ్వు చేసే పని?"

"కండెలు చుడతా. నువ్వు నేస్తావు."

"నా పేరేమి?"

తిప్పమ్మ తల వంచుకుంది. కొంగు వేలికి చుట్టుకుంది. 

"రంగప్ప. మనసులో పెట్టుకో. రంగప్ప."

పక్కన పూలమ్మే ఈరక్క కిసుక్కున నవ్వింది. "ఏమబ్బా, అట్ల మొగానే అడిగితే ఆయమ్మ యాడ చెప్తాది?"

"నీకు నవ్వులాటగా ఉండాది. మతి పోతాండేది నా ఇంట్లో."

ఆ రోజు నుంచి రంగప్ప ఈరక్క దగ్గర పూలు కొనలేదు.

నెలాఖరుకు హిందూపురం రైలెక్కారు. డాక్టరు నాలుగు టిక్కులు పెట్టాడు. ఐదోదానికి ఇంటూ గీశాడు.

"అందరికంటే ముందు మిమ్మల్నే మరిచిపోతోంది తాతా."

  మరుసటి రోజు నుంచి పది నిమిషాలు ఇరవై అయ్యాయి. సాయంత్రం కూడా మెట్లే. మోకాళ్ళు వాచాయి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టలేకపోయాడు. చీర సగంలో ఆగింది.

వానలు మొదలయ్యేసరికి తిప్పమ్మ మతిలోంచి వారాల పేర్లు పోయాయి. దసరాకు పిల్లలు పోయారు. కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చుని, ఇది ఏమిటని అడిగింది. చలికాలంలో పెనుకొండ కూడా పోయింది.

వాటి మీద రంగప్ప ఆశ వదులుకున్నాడు.

"అన్నీ పోనీలే తిప్పీ. నన్నొకణ్ణి పెట్టుకో. నా పేరేమి?"

తల వంచుకునేది. కొంగు వేలికి చుట్టుకునేది.

"రంగప్ప" అని తానే చెప్పేవాడు. రోజూ అంతే.

ఫిబ్రవరిలో మళ్ళీ హిందూపురం పోయారు. డాక్టరు గది మేడ మీద. రంగప్ప ఆమెను ఆ మెట్లు కూడా మూడుసార్లు ఎక్కించి దించాడు. కాంపౌండరు విసుక్కున్నాడు.

డాక్టరు మొదటి నాలుగూ అడిగాడు.  నాలుగు ఇంటూలు.

"పోనీ, ఈయన పేరు చెప్పమ్మా."

తిప్పమ్మ తల ఎత్తింది. రంగప్ప ముఖంలోకి తిన్నగా చూసింది. కొంగు జోలికి పోలేదు.

"రంగప్పన్న" అంది.

డాక్టరు బల్ల చరిచాడు. "చూశారా తాతా! ఇన్నాళ్ళ కష్టం. ఒక్కటైనా నిలిచింది." టిక్కు పెట్టి కాగితం చేతికివ్వబోయాడు.

రంగప్ప చెయ్యి చాపలేదు.

మొగుడి పేరు నోట అనకూడదని పెళ్ళినాడు తల్లి చెప్పిన మాటను తిప్పమ్మ నలభై రెండేళ్ళలో ఏనాడూ, ముందురోజు పొద్దున ఆ సిమెంటు బెంచీ మీద కూడా, మరవలేదు.