పోని వాసన

“మీ నాన్నేం చేస్తాడు?” టైపిస్టు ఉద్యోగానికొచ్చిన కన్నబాబుని షిప్పింగ్ కంపెనీ మేనేజరు అడిగాడు.

“సేపల వేటకెల్తాడు సార్. సొంత తెప్ప ఉంది.”

మేనేజరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. “ఇది ఏసీ గదయ్యా. ఆ నీచు వాసన రోజంతా మేమెలా భరించాలి? ఏమంటావు సూర్యారావ్?”

పక్క కుర్చీలోని అకౌంటెంటు సూర్యారావు నవ్వాడు. నవ్వుతూనే అరచేతులు బల్ల కిందికి దించేసుకున్నాడు. చదువుకునే రోజుల్లో వేటకెళ్ళి లాగిన గాలం తాళ్ళ కోతలు వాటి మీద ఇంకా చెరగలేదు. ఆ తాడు పట్టడం నేర్పిన మేనమామే కన్నబాబు తండ్రి. తను జాలారిపేటలో పుట్టిన సంగతి సూర్యారావు ఈ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

“మా కంపెనీలో మీవాళ్ళెవరైనా ఉన్నారా?” మేనేజరు అడిగాడు.

కన్నబాబు తన బావ సూర్యారావు వైపు చూశాడు. బావ కళ్ళు దించుకున్నాడు.

“నేరు సార్. నాకిక్కడ ఎవులూ తెల్దు,” అని దణ్ణం పెట్టి, టైపు హయ్యరు సర్టిఫికెట్టు తీసుకుని కన్నబాబు వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకున్నాక మేనేజరు ముక్కు ఎగబీల్చాడు. “చూశావా, మనిషి వెళ్ళినా వాసన పోలేదు.”

“అవును సార్, పోలేదు,” అన్నాడు సూర్యారావు, చేతులు పైకి తీయకుండానే.