పిగిలిపిట్ట పొద్దుటి కబురు

ఎండలకి అడవిలో నీటి గుంటలు ఇంకిపోతున్న రోజులవి. ఒక పిగిలిపిట్ట రోజూ తెల్లారగానే తుమ్మకొమ్మ మీద వాలి, ఏ గుంటలో నీళ్లున్నాయో గట్టిగా చెప్పేది. వినడానికి కొమ్మ కింద ఒక్క ప్రాణీ కనపడేది కాదు.

"ఎవరి కోసమే ఈ గోల?" అని నవ్వేది చిలుక. "నేనైతే గొప్ప కబురుంటేనే నోరు విప్పుతాను. ఆమధ్య ఏనుగుల పెళ్లి గురించి చెబితే అడవంతా కదిలొచ్చింది!"

"నాకు గొప్ప కబుర్లు దొరకవక్కా," అనేది పిట్ట. ఒక్కోసారి దానికి ఏడుపొచ్చేది. అయినా మర్నాడు వచ్చి, "నీళ్లు నిన్నటిలాగే ఉన్నాయి" అని చెప్పి మరీ వెళ్లేది.

ఒకనాడు తూర్పున మంటలు లేచాయి. చిలుక గొంతు పోయేలా అరిచింది. "మళ్లీ ఏ ఏనుగుల పెళ్లో!" అనుకుని జంతువులేవీ కదల్లేదు. పిట్ట తుమ్మకొమ్మ మీద వాలి, రోజూ చెప్పే గొంతుతోనే, "తూర్పున మంటలు. వాగు దాటండి" అంది.

పొదలన్నీ ఒక్కసారిగా కదిలాయి. కుందేళ్లు, జింకలు, ముళ్లపందులు వాగువైపు పరుగెత్తాయి.

"ఇన్నాళ్లూ మీరంతా ఎక్కడున్నారు?" అని అవతలి గట్టున పిట్ట తెల్లబోయి అడిగింది.

"పొదల్లోనే," అంది ముసలి ముళ్లపంది ఆయాసపడుతూ. "నువ్వు చెప్పకుండా మేం ఏనాడైనా నీళ్లకి కాలు బయటపెట్టామా తల్లీ?"