తెర వెనుక స్టూలు

"రేపటి నాటకంల విద్యావతి ఆంటీ వద్దు. ఆ పాత్ర కొత్తగొచ్చిన అక్షితతోని చేయిస్త," అన్నాడు శశికిరణ్, స్క్రిప్టు బల్ల మీద పడేసి.

మాబెల్ స్టూలు మీంచి లేచి నిలబడింది.

నాంపల్లి సందులోని ఆ పాత హాల్లో పాటలు, బొమ్మలు, నాటకాలు అన్నీ వాలంటీర్లు నడుపుకునేవే. జీతాల్లేవు, చాయ్ మాత్రం ఉంటుంది. శశికిరణ్ డైరెక్టర్. విద్యావతిది ముఖ్య పాత్ర. మాబెల్ ప్రాంప్టర్. అంటే తెర వెనుక స్టూలు మీద కూర్చుని, మాట మర్చిపోయిన వాళ్ళకు మెల్లగా అందించడం ఆమె పని. ఆ అందుకునేది ఎప్పుడూ విద్యావతే!

"ఎందుకయ్యా, ఏం తప్పు చేసింది?"

"సీనుకొకసారి మర్చిపోతది, మాబెల్ ఆంటీ. మీరు అందిస్తే గని నోరు తెరవదు."

"అందిస్తున్న గదా! నేనున్నదెందుకు మరి?"

"ముందు వరుసలోళ్ళకు వినబడ్తది." శశికిరణ్ తల గోక్కున్నాడు. మంచివాడే, పాపం. "సరే, ఇయ్యాల మీరు లేకుండ ఒక్కసారి చేయిద్దాం. చెప్తే ఆమెనే ఉంచుత. అప్పుడు ఇగ ప్రాంప్టర్ అవసరమే లేదు, ఆ జాగల లైట్ల పెట్టె పెట్టుకుంటం. మీరు గూడ హాయిగ ఇంట్ల రెస్ట్ తీసుకోవచ్చు."

అద్దం ముందు కుచ్చిళ్ళు సర్దుకుంటున్న విద్యావతి ఇటు తిరిగి చూసింది.

హాయిగా ఇంట్లోనట! చిరాగ్ అలీ లేన్‌లో ఆ ఒంటి గదిలో మాబెల్‌కు టీవీ తప్ప మాట్లాడే దిక్కు లేదు. ఈ హాలుకొచ్చాకే ఆమెకు మళ్ళీ మనుషులు దొరికారు, విద్యావతి దొరికింది. రిహార్సల్ అయిపోగానే ఇద్దరూ మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి ఒకే కప్పు ఐస్‌క్రీం కొనుక్కునేవాళ్ళు. షుగర్ ఉన్న మాబెల్‌కు రెండు చెంచాలే. మూడో చెంచాకు చెయ్యి చాపితే విద్యావతి ఫట్‌మని కొట్టేది.

అయినా ఇప్పుడు మాబెల్ ఫికర్ తన గురించి కాదు. గబగబా వెళ్ళి విద్యావతి చెయ్యి పట్టుకుంది.

"విద్యా, జర మనసు పెట్టి చెప్పవే. నా స్టూలు పోతే పోనీ. నీ పాత్ర పోవద్దు."

"చూద్దాం లే అక్కా. గంత పరేషాన్ ఎందుకు?"

రిహార్సల్ మొదలైంది. శశికిరణ్ మాబెల్‌ను స్టేజి ముందు, తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. స్టేజి మీద ఇంటి ఓనర్ వేషంలో ఉన్న మహీధర్ గట్టిగా అరిచాడు.

"రేపటికల్ల ఇల్లు ఖాళీ చెయ్యాలె!"

ఇప్పుడు విద్యావతి చెప్పాలి. నోరు తెరిచింది. మాట రాలేదు.

మాబెల్ కుర్చీ అంచుకు జరిగింది. 'కిరాయి ఇల్లే గావొచ్చు సేటూ, గని ఈ పొయ్యి ముట్టించింది నేను.' నాలుక చివరే ఉంది ఆ మాట. ఎన్నిసార్లు అందించింది! ఇప్పుడేమో నోరు కుట్టేసినట్టు కూర్చోవాలి. 'ప్రభువా, నేను చెప్పలేను, నువ్వన్న చెప్పు తండ్రీ' అనుకుంది. ఉండబట్టలేక, శశికిరణ్ అటు తిరిగినప్పుడు, చప్పుడు లేకుండా పెదవులు కదిపింది.

విద్యావతి చూసింది. కచ్చితంగా చూసింది. చూసి, కళ్ళు మూసుకుంది.

"వస్తలేదు బాబూ," అంది.

అయిపోయింది.

"ఏమనుకోకండ్రి ఆంటీ," అన్నాడు శశికిరణ్ తల వంచుకుని. "అక్షితా, నువ్వు రిహార్సల్స్ అన్నీ చూసినవ్ గద, కూసొని నేర్చుకో. మాబెల్ ఆంటీ, కొత్త పిల్ల, రేపే షో. మీరు తెర వెనుక ఉండాల్సిందే ఇగ."

'నీ స్టూలు నాకెందుకురా' అని అరవాలనిపించింది మాబెల్‌కు. నేనే చెడగొట్టిన, అనుకుంది. అడుగడుక్కీ అందిచ్చి అందిచ్చి పిచ్చిదానికి గుర్తుపెట్టుకునే పనే లేకుండ చేసిన. ఏడుపు ఆగలేదు. స్టేజి వెనుక కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని, రెండు కప్పుల చాయ్ పట్టుకుని మేకప్ గది వైపు నడిచింది. ఏం చెప్పి ఓదార్చాలో తెలియడం లేదు.

తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఎవరో గడగడా నాటకం చెప్తున్నారు. "కిరాయి ఇల్లే గావొచ్చు సేటూ..." ఎక్కడా తడబాటు లేదు. ఓనర్ మాటలు కూడా మధ్యలో తనే చెప్పేస్తోంది.

విద్యావతి గొంతు!

మాబెల్ తలుపు దగ్గరే ఆగింది.

"అబ్బ, భలే నేర్పిచ్చిన్రు ఆంటీ!" అంటోంది అక్షిత. "రేపు చూడండ్రి, ఒక్క ముక్క గూడ మర్చిపోను."

"గట్ల చెయ్యకు బిడ్డా," విద్యావతి గొంతు తగ్గించింది. "సీనుకు ఒక్కసారన్న మర్చిపోయి తెర దిక్కు చూడు. గాడ మా అక్క కూసుంటది."