ఆదివారానికో సాకు

శనివారం సాయంత్రం ఆరు గంటలకు ఓబులేసు నుంచి మెయిల్ వచ్చింది.

"అన్నా, రేపు నేను రాలేను. బస్సులు లేవు."

శేషయ్య కుర్చీలోంచి విసురుగా లేచాడు. ఓబులేసు ఉండే ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు అరగంటకొక బస్సు. ఈ సంగతి చంటిపిల్లలకు కూడా తెలుసు.

వరుసగా ఇది ఏడో ఆదివారం.

ఆ ఏడాది, అంటే రెండు వేల ఆరులో, కర్నూలు నుంచి వచ్చాక మూడు నెలలు ఇంట్లోనే కూర్చోవలసి వచ్చింది శేషయ్యకు. విత్తనాల కంపెనీలో ఊరూరా తిరిగే ఉద్యోగం అతనిది. కాలు నిలవని మనిషి. ఖాళీగా ఉండేసరికి పిచ్చెక్కినట్టయింది. కంప్యూటరు కొన్నాడు, నెట్టు పెట్టించాడు. ఇరవై ఏళ్ల కిందట కాలేజీలో తనతో వాలీబాల్ ఆడినవాళ్లను ఒక్కొక్కరినే వెతికి పట్టుకున్నాడు. యాహూలో గ్రూపు తెరిచాడు. తనతో కలిపి పన్నెండు మంది తేలారు. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. దేవుడు లెక్కపెట్టి పంపినట్టు సరిపోయారు.

భార్య పూర్ణిమ ఒక్కమాట అడ్డం చెప్పలేదు. పైగా, ఎవరెవరు ఒప్పుకున్నారో రోజూ అడిగేది. ఆ సంబరం చూసి ఆమెకూ ఓ మెయిల్ ఐడీ తెరిచి ఇచ్చాడు, పుట్టింటివాళ్లకు రాసుకుంటుందని.

ప్రతి గురువారం శేషయ్య గ్రూపులో రాసేవాడు. "ఆదివారం పొద్దున ఆరింటికి కాలేజీ గ్రౌండు. ఎవరెవరు వస్తాండారు?" ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

శుక్రవారానికల్లా అందరూ "వస్తాం" అనేవాళ్లు. శనివారం ఒకడు జారిపోయేవాడు. ఆ వెంటనే మిగతావాళ్లు, "పదకొండు మందితో ఏం ఆడతామన్నా, వచ్చేవారం చూద్దాంలే" అనేవాళ్లు.

మొదట దొర్నిపాడు హరి. చేనికి నీళ్ల వంతు వచ్చిందన్నాడు. సరే, రైతు కదా అనుకున్నాడు. తర్వాత నతానియేలు. తన దగ్గరున్న వాలీబాల్ నెట్టును ఎలుకలు కొరికేశాయన్నాడు. కొత్తది కొంటానంటే, కొలత ఇస్తానని చెప్పి వారమంతా కనపడలేదు. ఆ తర్వాత దాసరయ్య. మామ వచ్చాడన్నాడు. ఆ మామ కర్మంతరానికి కాలేజీ రోజుల్లోనే శేషయ్య స్వయంగా వెళ్లి భోంచేసి వచ్చాడు.

అయినా నోరు మూసుకున్నాడు. ఇప్పుడిక ఓబులేసు. కాలేజీలో రెండేళ్లు చిన్నవాడు. బంతి పైకి లేపి ఇస్తే శేషయ్య కొట్టేవాడు. ఆ జోడీని చూడడానికి నందికొట్కూరు నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. వాడు కూడా అబద్ధమాడాడు.

ఆదివారం పొద్దున పూర్ణిమ వంటింట్లో ఉండగా శేషయ్య చెప్పకుండా బయల్దేరాడు. లేవన్న బస్సుల్లో మొదటిది ఎక్కి ఆళ్లగడ్డలో దిగాడు.

ఓబులేసు తన పురుగుమందుల అంగడి ముందు బనీనుతో కూర్చుని పేపరు చదువుతున్నాడు. శేషయ్యను చూసి పేపరు జారవిడిచాడు.

"అన్నా! నువ్వేందన్నా ఈడికి?"

"బస్సులో వచ్చినా. లేవంటివే, చూసిపోదామని."

ఓబులేసు తల వంచుకున్నాడు. గబగబా కుర్చీ తెచ్చి వేశాడు.

"కూర్చో అన్నా. మంచినీళ్లు తాగు."

"నీళ్లకొచ్చిన్నా నేను? ఆడబుద్ధి కాకుంటే కాదని చెప్పు. ఒకడు ఎలుకలంటాడు, ఒకడు సచ్చిన మామను లేపుకొస్తాడు. నేనేం పాపం చేసినప్పా మీకు? నాతో ఆడేదానికి నామోషీనా?"

"అట్లనొద్దన్నా."

"మరి నిజం చెప్పు. ఎందుకు రావు?"

ఓబులేసు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చెప్పలేనన్నా. తిట్టు. ఎంత తిడతావో తిట్టు."

శేషయ్య నిజంగానే తిట్టాడు. పక్క అంగళ్ల వాళ్లు బయటికొచ్చి చూసేదాకా తిట్టాడు. జన్మలో ముఖం చూడనన్నాడు. శేషయ్య లేచి నడవబోతే ఓబులేసు అడ్డం వచ్చాడు.

"ఎండలో నడవొద్దన్నా. ఆటో పిలుస్తా, ఉండు."

"నీ ఆటో నాకెందుకు?" అని చెయ్యి విదిలించుకుని వచ్చేశాడు.

ఇంటికి వచ్చేసరికి పూర్ణిమ వాకిట్లోనే నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది.

"యాడికి పోయినారు చెప్పకుండా?"

"ఆళ్లగడ్డకు. వానితో తెగదెంపులు చేసుకోని వచ్చినా. ఇంక గ్రూపు మూసేస్తాండా. నాకు స్నేహితులు లేరనుకుంటా."

ఆమె కంచం తెచ్చి పెట్టింది. "ముందు అన్నం తినండి" అంది.

అతను వినలేదు. కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇరవై ఏళ్ల స్నేహం అనుకున్నాడు, ఒక్క ఆదివారానికి కూడా కొరగాలేదు. చివరి మెయిల్ రాశాడు. "మీకెవరికీ నేను అక్కర్లేదని తెలిసింది. ఇంతటితో సెలవు."

పంపబోతుండగా గ్రూపులో కొత్త మెయిల్ వచ్చి పడింది. ఓబులేసు పంపాడు. ఏ మెయిల్ ఎవరికి పోతుందో ఇప్పటికీ సరిగ్గా తెలియని మనిషి.

క్షమించమని రాసుంటాడనుకున్నాడు శేషయ్య. చదవకుండానే తీసేద్దామనుకున్నాడు. మనసు ఒప్పక తెరిచాడు.

"పూర్ణిమ వదినా, అన్న ఈపొద్దు ఈడికొచ్చి ఎంత తిట్టినా నేను నోరు తెరవలేదు, అన్నకు గుండె ఆపరేషన్ చేసిన డాక్టరు ఆడొచ్చు అనేదాకా మేమెవరమూ గ్రౌండుకు రాము గానీ, బస్సుల సాకు ఇంక పనికిరాదు, వచ్చే ఆదివారం ఎవరి వంతో, ఏం చెప్పల్లనో తొందరగా రాసి పంపు."